తమ్ముడి కబడ్డీ ఆదాయంపై పన్ను: సరిహద్దు దాటితే తగ్గుతుందా?

గంజాం అన్నయ్య (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. నా పన్ను ఏటా జీతంలోనే కోసుకుంటారు కాబట్టి, ఆదాయపు పన్ను గురించి కూర్చొని ఆలోచించవలసిన అవసరం ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు మా తమ్ముడి వల్ల వచ్చింది.

వాడికి 24 ఏళ్లు. పదమూడో ఏట నుండి కబడ్డీ తప్ప మరో లోకం ఎరగడు. ఈ ఏడాది వేలంలో ఒక ఫ్రాంచైజీ వాడిని తీసుకొంది. ఒప్పందపు మొత్తం, ఒక చిన్న ప్రకటన తాలూకు డబ్బు కలిపి 54 లక్షల రూపాయలు. మా నాన్నగారు పట్టుచీరల దుకాణంలో గుమస్తాగా ముప్ఫై ఏళ్లు పనిచేసి కూడా ఇందులో సగం చూడలేదు. ఫిజియోథెరపిస్టు, సొంత శిక్షకుడు, ప్రయాణాలు, ఏజెంటు వాటా అన్నీ కలిపి 6 లక్షల దాకా ఖర్చయింది. సీజను ముగిసి ఇంటికి వచ్చినప్పటి నుండి వాడు కుడి మోకాలి మీద ఐసు సంచి పెట్టుకొని, ఇంకా పట్టీ విప్పని వేళ్లతో ఫోనులో బ్యాంకు ఖాతా చూసుకుంటూ, "ఇందులో మనది ఎంత అన్నయ్యా?" అని రోజూ అడుగుతున్నాడు. నాకు జవాబు తెలియడం లేదు.

ఊళ్లో పన్ను లెక్కలు చూసే ఒకాయన, ఫ్రాంచైజీ ఎలాగూ 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోసింది కనుక ఇక కట్టవలసినది ఏమీ లేదని చెప్పి పంపేశారు. మా మేనమామగారు మాత్రం, ఇచ్ఛాపురంలో తమ ఇంటి చిరునామాకు వాడి కాగితాలన్నీ మార్చేస్తే ఆంధ్రలో పన్ను తక్కువ పడుతుందంటున్నారు. ఇక్కడికి ఇచ్ఛాపురం సుమారు 25 కిలోమీటర్లు. మా బంధువుల్లో సగం మంది అటే ఉన్నారు కాబట్టి చిరునామా మార్చడం పెద్ద పని కాదు. వాడి జట్టులోని సీనియర్లేమో, ఎక్కువ సంపాదించేవాడిని ఈ దేశంలో పన్నులే మింగేస్తాయనీ, పెద్ద పెద్ద ఆటగాళ్లు అందుకే విదేశాలకు వెళ్లి స్థిరపడతారనీ వాడి చెవిలో వేశారు. ఆ మాట వాడి మనసులో బాగా నాటుకుంది.

ఈ మూడింటిలో ఏది నిజం? అంతకంటే ముఖ్యంగా, ఎక్కువ ఆదాయంపై ఎక్కువ పన్ను అనే పద్ధతి ఆటగాళ్ల వంటి వారి జీవితాన్ని నిజంగా ఎంతవరకు దెబ్బతీస్తుంది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఛత్రపురం వాసి:

అన్నయ్యగారూ, ముందుగా మీ తమ్ముడికి అభినందనలు. సీనియర్లు చెప్పిన మాటను కొట్టిపారేయనక్కరలేదు. పన్ను రేటును బట్టి ఆటగాళ్లు ఊరు మారడం, దేశం మారడం, చివరికి ఏ పోటీలో ఆడాలో కూడా నిర్ణయించుకోవడం ప్రపంచమంతటా జరిగినదే.

ఉసేన్ బోల్ట్ కొన్నేళ్లపాటు బ్రిటన్‌లో పరుగెత్తడమే మానుకున్నాడు. అక్కడ ఒక్క పోటీలో పాల్గొన్నా, ఆ పోటీలో ఇచ్చే డబ్బు మీదనే కాక, ప్రపంచవ్యాప్తంగా అతనికి వచ్చే ప్రకటనల ఆదాయంలో కొంత వాటా మీద కూడా పన్ను వేసేవారు. పరుగెత్తినందుకు వచ్చేదాని కంటే కట్టవలసినదే ఎక్కువయ్యే పరిస్థితి అది. చివరకు 2012 లండన్ ఒలింపిక్స్‌కూ, 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలకూ బ్రిటన్ ప్రభుత్వమే ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. టెన్నిస్‌లో బోర్గ్ 1970లలోనే స్వీడన్ వదిలి మొనాకోకు వెళ్లిపోయాడు. మొనాకోలో ఉంటున్నానని చెప్పుకుంటూ మ్యూనిక్‌లో కాపురమున్న బోరిస్ బెకర్‌కు 2002లో జర్మనీ న్యాయస్థానం పన్ను ఎగవేత నేరం కింద శిక్ష విధించింది.

ఐరోపా ఫుట్‌బాల్ మీద క్లెవెన్, లాండే, సాయెజ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1995లో వచ్చిన బోస్మన్ తీర్పుతో ఆటగాళ్లకు దేశాలు మారే స్వేచ్ఛ దొరికాక, పన్ను తక్కువగా ఉన్న దేశాల క్లబ్బులకు మేటి విదేశీ ఆటగాళ్లు ఎక్కువగా చేరారని అందులో తేలింది. స్పెయిన్ 2005లో విదేశాల నుండి వచ్చే ఉద్యోగులకు 24 శాతం ఒకే రేటు పెట్టినప్పుడు, దానికి జనం ఒక ఫుట్‌బాల్ ఆటగాడి పేరు మీద 'బెక్‌హామ్ చట్టం' అని పేరు పెట్టుకున్నారు. ఫ్రాన్సు 2013లో పది లక్షల యూరోలు దాటిన జీతాల మీద భారం 75 శాతం దాకా వెళ్లే పన్నును యజమానుల నెత్తిన వేస్తే, ఫుట్‌బాల్ క్లబ్బులు సమ్మెకు పిలుపునిచ్చాయి. సమ్మె జరగలేదు కానీ, ఆ పన్ను కూడా రెండేళ్లకు మించి నిలవలేదు.

కాబట్టి రేటు పెరిగితే ప్రతిభ కదులుతుందన్నది ఊహ కాదు. సంపాదించే నాలుగు రోజుల్లో ప్రభుత్వం ఎక్కువ తీసుకుంటే ఆటగాడు తన దారి తాను వెతుక్కుంటాడు. అందులో అతని తప్పేమీ లేదని నా అభిప్రాయం.

పర్లాకిమిడి మాస్టారు:

ఛత్రపురం వాసిగారు చెప్పిన ఉదాహరణలన్నీ సరైనవే. అయితే అవన్నీ ఆటగాళ్లలో వెయ్యికి ఒక్కడికి వర్తించేవి. కాలేజీలో ముప్ఫై ఏళ్లు వాణిజ్యశాస్త్రం చెప్పినవాడిగా నేను ఈ ప్రశ్నను కొంచెం వేరే వైపు నుండి చూడాలనుకుంటున్నాను.

నిజంగా భయంకరమైన పన్ను రేటు అంటే ఏమిటో మన దేశం ఒకప్పుడు చూసింది. 1970ల మొదట్లో, 2 లక్షలు దాటిన ఆదాయంలో ప్రతి వంద రూపాయలకు, పన్ను మీద వేసే అదనపు పన్ను అయిన సర్‌ఛార్జితో కలిపి 97 రూపాయల 75 పైసలు పన్ను. పైనుండి సంపద పన్ను వేరు. చేతికి మిగిలేది రెండుంపావు రూపాయలైతే ఎవరు నిజం చెబుతారు? సినిమా రంగంలో సగం పారితోషికం చెక్కుగా, సగం నోట్ల కట్టలుగా తీసుకునే అలవాటు వేళ్లూనుకున్నది ఆ కాలంలోనే. ఈ రేట్లే ఎగవేతను పెంచుతున్నాయని 1971లో ప్రభుత్వం నియమించిన వాంఛూ కమిటీ స్పష్టంగా చెప్పి, 75 శాతానికి తగ్గించమని సిఫారసు చేసింది. తరువాత మెట్టు మెట్టుగా దిగి, 1985లో 50 శాతానికి, 1997లో 30 శాతానికి వచ్చింది. ఈరోజు కొత్త పన్ను విధానంలో, ఎన్ని కోట్లు సంపాదించినా సర్‌ఛార్జి, సెస్సు కలుపుకొని అత్యధిక రేటు 39 శాతం. మీ తమ్ముడు ఆ దరిదాపుల్లో కూడా లేడు. కనుక పన్నులు మింగేస్తాయన్న మాట మా తరంలో నిజమే కానీ, అతని విషయంలో నిజం కాదు.

ఆటగాడికి అసలు దెబ్బ తగిలేది రేటు దగ్గర కాదు, సంవత్సరం దగ్గర. పన్ను చట్టానికి తెలిసిన కొలత ఒక్కటే, ఏప్రిల్ నుండి మార్చి వరకు. నాలాంటి ఉద్యోగికి ముప్ఫై ఏళ్ల పాటు ఇంచుమించు ఒకే తీరున ఆదాయం వస్తుంది కాబట్టి ఆ కొలత సరిపోతుంది. పదేళ్లు ఏమీ లేకుండా చెమటోడ్చి, మూడేళ్లు సంపాదించి, ముప్ఫై రెండో ఏట ఇంటికి వచ్చేసేవాడిని కూడా అదే గజంతో కొలిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూపుతాను.

మీ తమ్ముడి ఖర్చులు పోను మిగిలేది 48 లక్షలు అనుకుందాం. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో 24 లక్షల వరకు శ్లాబుల ప్రకారం 3 లక్షలు, ఆపైన 24 లక్షలకు 30 శాతం చొప్పున 7 లక్షల 20 వేలు, మొత్తం మీద 4 శాతం సెస్సు. కలిపితే 10,60,800 రూపాయలు. ఇదే 48 లక్షలను ఒక ఉద్యోగి ఏడాదికి 12 లక్షల చొప్పున నాలుగేళ్లలో ఆర్జించి ఉంటే, రేట్లు మారకపోతే, అతను కట్టే పన్ను సున్నా, ఎందుకంటే 12 లక్షల వరకు పన్నును పూర్తిగా మాఫీ చేసే రిబేటు ఉంది. ఇద్దరూ సంపాదించిన మొత్తం ఒకటే. ఒకరికి సున్నా, మరొకరికి పదిన్నర లక్షల పైచిలుకు. ఈ తేడాను ఎవరూ కావాలని పెట్టలేదు, అయినా అది అక్కడే ఉంది. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఇదే.

కొన్ని దేశాలు దీనిని గుర్తించాయి. ఆస్ట్రేలియాలో రచయితలు, కళాకారులు, క్రీడాకారుల వంటివారికి ఒక ఏడాది ఆదాయం హఠాత్తుగా పెరిగితే, గత సంవత్సరాల సగటుతో పోల్చి పన్ను తగ్గించే ఏర్పాటు ఉంది. ఐర్లండ్‌లో ఆట నుండి విరమించిన క్రీడాకారుడు తాను ఆడిన ఏళ్లలో పదేళ్లను ఎంచుకొని, ఆటలో సంపాదించిన దానిలో 40 శాతానికి మినహాయింపు కోరి, కట్టిన పన్నులో కొంత తిరిగి పొందవచ్చు. మన దగ్గర జీతం బకాయిలు ఒకేసారి వచ్చిన ఉద్యోగికి ఏళ్లవారీగా సర్దుబాటు చేసే వెసులుబాటు ఉంది. ఆటగాడికి లేదు. రేటు తగ్గించమని అడగడం కంటే, ఇలాంటి సగటు లెక్క కావాలని అడగడమే న్యాయమైన కోరిక అని నేను నమ్ముతున్నాను.

ఇచ్ఛాపురం మాట కూడా చెప్పేస్తాను. 1936లో ఒడిశా సరిహద్దు గీసినప్పటి నుండి మనం బడికీ, భాషకూ, రేషను కార్డుకూ దానితో తంటాలు పడుతూనే ఉన్నాం. కానీ ఆదాయపు పన్నుకు ఆ గీతతో సంబంధం లేదు. అది కేంద్రం వేసే పన్ను. బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ ఒకటే. మీ తమ్ముడి వంటివారి సంపాదన మీద రాష్ట్రాలు వేసేది వృత్తి పన్ను మాత్రమే. అది రాజ్యాంగం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదు. అమెరికాలో మాత్రం రాష్ట్రాలు కూడా ఆదాయపు పన్ను వేస్తాయి కాబట్టి, ఆటగాడు ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు ఆడాడో లెక్కపెట్టి మరీ వసూలు చేస్తారు. బేస్‌బాల్ ఆటగాడు ఒహ్తానీ 2023లో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకొని, అందులో 68 కోట్లు 2034 నుండి తీసుకునేలా రాసుకున్నాడు. అప్పటికి కాలిఫోర్నియా వదిలి వెళ్లిపోతే ఆ రాష్ట్రపు పన్ను తప్పే అవకాశం ఉందని అక్కడ పెద్ద చర్చే జరిగింది. మీ మేనమామగారి ఆలోచన అక్కడ పనికివచ్చేది, ఇక్కడ కాదు.

రాయగడ రైడరు:

మాస్టారుగారికి నమస్కారం. నేను రాష్ట్ర స్థాయిలో ఆరేళ్లు ఆడాను. ఒక రైడ్‌లో చీలమండ మీద ఇద్దరు పడడంతో నా ఆట ముగిసింది. ప్రస్తుతం ఒక గోదాములో పనిచేస్తున్నాను. అందుకని కొన్ని మాటలు రాయాలనిపించింది.

సంపాదన ఎంత త్వరగా ఆగిపోతుందో బయటివారికి తెలియదు. పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు తీసుకుంటే, ఆ సీజనులో మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని మిగతా మ్యాచ్‌లన్నింటికీ దూరమయ్యాడు. అతను కోలుకొని, 2023 వేలంలో తెలుగు టైటాన్స్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు వెళ్లాడు. అంత పేరున్నవాడు కాబట్టి మళ్లీ నిలబడ్డాడు. మా స్థాయిలో మోకాలు పోతే వేలం జాబితాలో పేరు కూడా ఉండదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అంటారు, కానీ మా దీపంలో నూనె ఎంత ఉందో మాకే తెలియదు.

అయినా పన్నే వద్దని నేను అనను. నేను ఆట నేర్చుకున్నది ప్రభుత్వ క్రీడా వసతిగృహంలో. తిన్న గుడ్డు, వేసుకున్న బూట్లు, మ్యాటు, అన్నీ ఎవరో కట్టిన పన్నులోంచి వచ్చినవే. బరంపురంలో కొద్దిపాటి ఇనుముతో మొదలైన వ్యాయామశాలల్లో బరువులెత్తిన పిల్లల్లోంచే కె. రవికుమార్ వచ్చి, 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. అలాంటివారికి వేలం లేదు, ఫ్రాంచైజీ లేదు, ఉద్యోగం, పతకానికి వచ్చే బహుమతి తప్ప.

ఆ బహుమతి విషయంలో చట్టం కొంత దయ చూపింది. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చినవారికి కేంద్రం గానీ రాష్ట్రం గానీ ఇచ్చే నగదుకు పన్ను లేదు. 2014 జనవరిలో దీనిపై ఉత్తర్వు వచ్చింది. టోక్యో తరువాత ఒడిశా ప్రభుత్వం హాకీ ఆటగాళ్లు బీరేంద్ర లక్రాకు, అమిత్ రోహిదాస్‌కు చెరి 2 కోట్ల 50 లక్షలు ప్రకటించినప్పుడు, ఇంత డబ్బులో సగం పన్నుకే పోతుందని మా ఊళ్లో చాలామంది అనుకున్నారు. అది తప్పు. అదే డబ్బు ఒక ప్రైవేటు కంపెనీ ఇస్తే మాత్రం పన్ను పడుతుంది.

మరొక అపోహ కూడా ఉంది. నా స్నేహితుడు ఒకడు కొండ గిరిజన కుటుంబం నుండి వచ్చినవాడు. గిరిజనులకు ఆదాయపు పన్ను లేదని ఎవరో చెబితే నమ్మి రెండేళ్లు రిటర్ను వేయలేదు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలకూ, లద్దాఖ్‌కూ పరిమితం. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాలకు లేదు. తరువాత జరిమానాతో కలిపి కట్టాడు. మీ తమ్ముడిని నాలుగు నోళ్ల మాట విననివ్వకండి అన్నయ్యగారూ.

జయపురం ఆడిటరు:

అందరూ పెద్ద విషయాలు రాశారు. నేను జయపురంలో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని కాబట్టి, డిసెంబరు 15 లోపు ఏం చేయాలో చెబుతాను, ఎందుకంటే ఆ తేదీ దగ్గరకు వచ్చేసింది.

టీడీఎస్ కోశారు కనుక ఇక ఏమీ లేదన్నది చాలా ప్రమాదకరమైన సలహా. టీడీఎస్ అనేది పన్నులో ముందుగా పట్టుకున్న కొంత భాగమే తప్ప పూర్తి పన్ను కాదు. 54 లక్షల మీద 10 శాతం అంటే 5 లక్షల 40 వేలు. మాస్టారుగారి లెక్క ప్రకారం మొత్తం 10,60,800 కనుక, ఇంకా 5,20,800 బాకీ ఉంటుంది. దీనిని ముందస్తు పన్నుగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లోగా విడతలుగా కట్టాలి. డిసెంబరు 15 నాటికి 75 శాతం చేరాలి. తప్పితే నెలకు 1 శాతం వడ్డీ. నా దగ్గరకు వచ్చే ఆటగాళ్లలో చాలామంది ఈ డబ్బును అప్పటికే ఇంటి పైకప్పుకో, చెల్లెలి పెళ్లికో ఖర్చు చేసి, నోటీసు పట్టుకొని వస్తారు. నా అనుభవంలో రేటు వల్ల చితికిపోయిన ఆటగాడిని చూడలేదు. ఖాతాలో ఉన్నదంతా తనదేననుకొని చితికినవారిని చూశాను.

అమెరికా బాక్సరు జో లూయీ కథ మాస్టారుగారికి తెలిసే ఉంటుంది. 1942లో రెండు పోటీల డబ్బును నావికాదళం, సైన్యం సహాయనిధులకు ఇచ్చేసిన దేశభక్తుడు ఆయన. అయినా పన్ను బాకీ పేరుకుపోయింది, పైరేటు 90 శాతం దాటిన కాలమది. ఒకసారి విరమించుకున్నవాడు అప్పు తీర్చడానికి మళ్లీ బరిలోకి దిగి, 37 ఏళ్ల వయసులో, 1951లో రాకీ మార్సియానో చేతిలో నాకౌట్ అయ్యాడు. రేటు ఎంత ఎక్కువైతే లెక్కలో పొరపాటుకు చెల్లించే ధర అంత ఎక్కువ. ఛత్రపురం వాసిగారి వాదనలో నేను పూర్తిగా ఒప్పుకునేది ఈ భాగమే.

విదేశాలకు వెళ్లిపోయే మాట మనవారికి పెద్దగా పనికిరాదు. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారతీయ పౌరుడికి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే, అతనిని ఇక్కడి నివాసిగానే పరిగణించే నిబంధన 2020 నుండి ఉంది. ఇంకో ముచ్చట. మీ తమ్ముడి జట్టులో ఇరాన్ ఆటగాడు ఉంటే అతనికి శ్లాబులు లేవు, ఖర్చుల మినహాయింపు లేదు. మొత్తం రాబడి మీద 20 శాతం, పైన సెస్సు. 20 లక్షలు తీసుకునే విదేశీయుడు 4,16,000 కడితే, అంతే నికర ఆదాయమున్న మన పిల్లవాడు 2,08,000 కడతాడు. అంటే ఆ స్థాయిలో మన చట్టం మన ఆటగాడి వైపే ఉంది.

పన్ను తగ్గించుకునే దారి ఉంటే అది ఒప్పందంలోనే ఉంటుంది. ఇదివరకు మరో దారి కూడా ఉండేది. విదేశీ సంస్థల నుండి డాలర్లలో వచ్చే ఆదాయానికి నటులు, క్రీడాకారులు వంటివారికి ఒక మినహాయింపు ఉండేది. ప్రకటనల్లో చేసేది నటనే కనుక సచిన్ తెందూల్కర్ నటుడిగా ఆ మినహాయింపు పొందవచ్చని ముంబయి ట్రిబ్యునల్ 2011లో తీర్పు చెప్పింది. ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. మిగిలింది విడతల సంగతి. వృత్తి ఆదాయానికి డబ్బు చేతికందిన ఏడాదిలోనే లెక్క రాసుకునే పద్ధతిని ఏటా ఒకే తీరున పాటిస్తే, మార్చి 31 తరువాత వచ్చే విడత వచ్చే ఏడాది ఆదాయమవుతుంది. ఉదాహరణకు 48 లక్షలు రెండేళ్లకు సగం సగం పడితే ఏడాదికి 3,12,000 చొప్పున 6,24,000 మాత్రమే కట్టాలి. నాలుగు లక్షల ముప్ఫై ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. మాస్టారుగారు కోరుకున్న సగటు లెక్కను చట్టం ఇవ్వకపోయినా, ఒప్పందం కొంత ఇవ్వగలదు. అయితే ఇది సంతకానికి ముందు అడగవలసినది. డబ్బు వచ్చాక కాగితాల మీద తేదీలు దిద్దితే అది నేరం.

కనుక అన్నయ్యగారూ, ఈ రాత్రికే ఒప్పందం తీసి విడతల తేదీలు చూడండి. ఫారం 26ఏఎస్‌లో ఎంత టీడీఎస్ పడిందో సరిపోల్చండి. ఏడాదిలో వృత్తి రాబడి 50 లక్షలు దాటితే లెక్కలకు ఆడిట్ తప్పనిసరి. ఒప్పందం ఉద్యోగమా, వృత్తి సేవా అన్నదాన్ని బట్టి జీఎస్టీ సంగతి కూడా తేలాలి. ఆ ఒప్పందం చదవకుండా నేను ఏదీ చెప్పలేను.

ఛత్రపురం వాసి:

ఆడిటరుగారి మాటతో ఏకీభవిస్తున్నాను. సీనియర్ల మాటకు నేను కాస్త ఎక్కువ బలం ఇచ్చానేమో. అయినా ఒక్క సంగతి. 50 లక్షలు దాటిన ఆదాయంపై వేసే సర్‌ఛార్జిలో గానీ, అందరూ కట్టే సెస్సులో గానీ రాష్ట్రాలకు వాటా లేదు. మామూలు పన్నులో ఒడిశాకు కొంత వస్తుంది, దీనిలో రాదు. పైస్థాయి సంపాదనపరుల మీద వేసే ఈ అదనపు భారం రాయగడ తమ్ముడు తిన్న గుడ్డు దాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు. రేటు సంగతి వదిలినా ఈ ప్రశ్న వదలను.

గంజాం అన్నయ్య:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి తమ్ముడూ నేనూ అమ్మ బీరువాలోంచి ఒప్పందం తీసి, మొదటిసారి పూర్తిగా చదివాం. పదకొండో పేజీలో ఉంది. ప్రకటన డబ్బు కూడా కలుపుకొని మొత్తం మూడు సమాన విడతలు. రెండు వచ్చేశాయి, మూడవది, అంటే 18 లక్షలు, వచ్చే మే నెలలో. ఎవరూ మా మంచి కోరి రాసినట్టు లేదు, ఫ్రాంచైజీ తన వీలు కోసం రాసుకుంది. కానీ దానివల్ల ఈ ఏడాది రాబడి 36 లక్షలు, ఖర్చులు పోను 30 లక్షలే. ఆడిటరుగారు చెప్పిన పద్ధతిలో లెక్క వేస్తే పన్ను 4,99,200, 26ఏఎస్‌లో 3,60,000 టీడీఎస్ కనిపిస్తోంది, మిగిలేది 1,39,200. అందులో 75 శాతం, 1,04,400 రూపాయలు ఈ ఉదయం తమ్ముడి చేతే ఆన్‌లైన్‌లో కట్టించాను. కట్టేముందు వాడు ఆ అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. మేనమామగారికి ఫోనులో చెబితే మొదట నమ్మలేదు.

ఒక సందేహం మిగిలింది. ఫిజియోథెరపిస్టుకు ఇచ్చిన లక్షన్నరలో సగానికి రసీదులు లేవు. కొన్ని బ్యాంకు నుండి పంపినవి, కొన్ని చేతికి ఇచ్చినవి. ఇవి ఖర్చు కింద చెల్లుతాయా?

జయపురం ఆడిటరు:

బ్యాంకు నుండి వెళ్లినవాటికి ఆయన పేరు, తేదీ ఉంటాయి కనుక, ఆయన చేత ఏ వైద్యానికి ఎంత అన్నది రాయించి సంతకం తీసుకుంటే నిలబడతాయి. చేతికి ఇచ్చినవాటిలో ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదుగా ఇచ్చినది ఖర్చుగా ఒప్పుకోరు. వాటిని తీసివేసి మళ్లీ లెక్క వేయండి. ఎంత మారినా మార్చి 15 విడతలో సర్దవచ్చు. మే నెలలో వచ్చే 18 లక్షలకు కూడా వచ్చే జూన్ 15 నుండే విడతలు మొదలవుతాయి. ఆ రోజు పిల్లవాడు శిబిరంలో ఉంటాడేమో, మీరు గుర్తు పెట్టుకోండి. మోకాలికి స్కానింగ్ చేయించారా?

గంజాం అన్నయ్య:

సోమవారం విశాఖపట్నంలో స్కానింగ్. ఈసారి రసీదు అడిగి తీసుకుంటాం.